అదురుతోందా, ఊగుతోందా, లాగుతోందా? ముందు అది చెప్పండి

ఇది పొడుగు పోస్టు. ఇప్పుడు ఓపిక లేనివాళ్ళు రాత్రికి చదువుకోండి, చదవకుండా మాత్రం వచ్చే ఆదివారం మీటింగుకు రాకండి.

మన సంఘం బండి టయర్ల ఖర్చు మీద పోయిన మీటింగులో జరిగిన రభస అందరికీ తెలుసు. ముందరి రెండు టయర్లు మార్చినాము, పదమూడు వేలు అయింది. వెనకవి రెండూ, స్టెప్నీ కూడా మార్చాలని మేము కొందరం అడిగినాము. "గాట్ల లోతు ఇంకా నిండా ఉంది, దుడ్లు పారేసుకోవడం ఎందుకు?" అని ఇంకొందరు అడ్డం పడినారు. డ్రైవర్ అబ్బాయి జీతంలో పట్టుకున్న పదిహేను వందలు వాపసు ఇవ్వాలా వద్దా అనేది ఇంకో గొడవ. రెండూ తేలలేదు. టీ తాగి లేచి వచ్చేసినాము.

ఈ రెండు గొడవలకూ వేరు ఒకటే అని మా అభిప్రాయం. ఆ వేరు మన బండి రిజిస్టరులో మా చేత్తోనే రాసిన ఒక మాటలో ఉంది. "వైబ్రేషన్" అని రాసినాము. ఆర్నెల్లలో మూడు సార్లు అదే మాట రాసినాము. మూడు సార్లూ బండికి వచ్చిన రోగం ఒకటి కాదు.

కొత్తగా చేరినవాళ్ళకు కొంచెం ముందు కథ. ఈ ఏడు సీట్ల బండి పదకొండు ఇళ్ళవాళ్ళం చేరి సెకండ్ హ్యాండులో కొన్నాము. వేలూరు ఆస్పత్రికి ముసలివాళ్ళను తీసుకుపోను, పెళ్ళిళ్ళకు హోసూరు, కృష్ణగిరి వైపు పోను, ఏడాదికి రెండు మూడు సార్లు కొండకు పోను. డ్రైవరు మన పిల్లోడే. మనలాగే అరవ బడిలో చదివినాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, రాయడం రాదు. రాయడం రాకపోవడాన్ని మేము తప్పు పట్టము. మా తరంవాళ్ళకు మాత్రం ఎక్కడ వచ్చింది? రైల్వేలో చేరినాక పాకాల లైనులో స్టేషను బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాళ్ళం మేము.

మొదటి సారి కార్తీకంలో వచ్చింది. హోసూరులో పెళ్ళి ముగించుకొని వస్తా ఉంటే హైవేలో ఎనభై దాటగానే స్టీరింగు చేతిలో గడగడమని వణికింది. తొంభైలో నిండా ఎక్కువైంది, నూరు దగ్గర కొంచెం తగ్గింది. అబ్బాయి వచ్చి "మామా, అదురుతా ఉంది" అన్నాడు. మేము రిజిస్టరులో "స్టీరింగ్ వైబ్రేషన్" అని రాసి, ఎలైన్‌మెంట్ చేయించుకొని రమ్మని అంగడికి పంపినాము. అంగడివాళ్ళు ఎలైన్‌మెంట్ చేసినారు, దాంతోబాటు బ్యాలెన్సింగూ చేసినారు. అదురు పోయింది. ఎలైన్‌మెంటుతో పోయింది అని మేము అనుకున్నాము. తర్వాత జరిగిన తప్పులన్నిటికీ మొదలు ఇక్కడే.

అది బ్యాలెన్సింగుతో పోయింది. ఎట్ల తెలుసు అంటే, ముందరి ఎడమ రిమ్ములో ఒక చోట అతికించిన బరువు ముక్క ఊడిపోయిన గుర్తు ఉండిందని, ఆ చోటు మాత్రం బూడిద రంగుగా శుభ్రంగా ఉండిందని అబ్బాయి అప్పుడే చెప్పినాడు. మేము వినలేదు.

ఈ బరువుల సంగతి తెలియనివాళ్ళు ఉంటారు. టయరూ రిమ్మూ ఎంత బాగా చేసినా చుట్టూ ఒకే బరువు ఉండదు. ఒక పక్క నాలుగు గ్రాములో, ఇరవై గ్రాములో ఎక్కువ ఉంటుంది. దానికి ఎదురు పక్కన చిన్న ముక్క పెట్టి సరిచేస్తారు. పది గ్రాములే కదా, దానికింత హడావిడా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. గంటకు 90 కిలోమీటర్లు అంటే సెకనుకు 25 మీటర్లు. మన బండి టయరు ఒక చుట్టు చుట్టితే రమారమి రెండు మీటర్లు. అంటే చక్రం సెకనుకు పన్నెండు పదమూడు చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో రిమ్ము అంచున ఉన్న పది గ్రాముల తేడా ఒక కిలోకు మించిన బలంతో చక్రాన్ని లాగుతుంది. సెకనుకు పన్నెండు సార్లు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతు అవుతుంది, అందుకే ఊర్లో నలభైలో పోయేటప్పుడు ఏమీ తెలియదు. ఎనభై తొంభైలో మాత్రం ఆ కుదుపుల లెక్కా, బండి కింద ఉన్న స్ప్రింగులూ కడ్డీలూ సహజంగా ఊగే లెక్కా ఒకటైపోయి స్టీరింగు వణుకుతుంది. ఆ వేగం దాటితే తగ్గినట్టు ఉంటుంది. ఒక వేగంలో వచ్చి ఇంకో వేగంలో తగ్గే వణుకు కనబడితే మొదట బ్యాలెన్సునే అనుమానించాల.

ఎలైన్‌మెంట్ వేరే సంగతి. అది చక్రాలు చూసే దిక్కుకు సంబంధించింది. అది చెడితే బండి ఒక పక్కకు లాగుతుంది, నేరుగా పోయేటప్పుడు స్టీరింగు వంకరగా నిలబడుతుంది, టయరు ఒక అంచు మాత్రం అరుగుతుంది. వణుకు దానితో నేరుగా రాదు. శానా కాలం పట్టించుకోకపోతే టయరు మెట్లు మెట్లుగా అరిగి అప్పుడు వస్తుంది. అది వచ్చినాక ఎలైన్‌మెంట్ చేయించినా అరిగిన టయరు తిరిగి గుండ్రం కాదు.

రెండో సారి ఉగాది అయినాక. ఈసారి అబ్బాయి చెప్పిన మాట వేరు. "మామా, ముప్పై నలభైలో ఊగుతా ఉంది" అన్నాడు. చేత్తో చూపించినాడు కూడా, ఉయ్యాల తొట్టిని మెల్లగా అటూ ఇటూ ఊపినట్టు. హైవేలో పోతే ఊగడం పోయి కింద దడదడ అంటోందని చెప్పినాడు. మేము రిజిస్టరు తీసి ఏమి రాసినాము? "స్టీరింగ్ వైబ్రేషన్, మళ్ళీ."

ఆ "మళ్ళీ" అనే మాటతో పిల్లోడి బతుకు మీదికి వచ్చింది. మొన్ననే ఎలైన్‌మెంట్ చేయించినాము కదా, మళ్ళీ వచ్చిందంటే వీడు స్పీడ్ బ్రేకర్ల మీద ఎగరేస్తున్నాడు, గుంతల్లో దించుతున్నాడు అని కమిటీలో అనుకున్నాము. ఆ అనుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాము, దాచడం లేదు. అంగడికి పంపితే ఈసారి స్టీరింగు కడ్డీ చివర ఉండే రెండు ముక్కలు, వాళ్ళు ఎండ్ అంటారు, అవి మార్చాలన్నారు. మార్చినాము. మళ్ళీ ఎలైన్‌మెంట్, మళ్ళీ బ్యాలెన్సింగ్. నాలుగు వేల ఎనిమిది వందల బిల్లు. అందులో పదిహేను వందలు అబ్బాయి జీతంలో పట్టినాము, "రఫ్‌గా నడిపినందుకు" అని రాసి. వాడు ఏమీ అనలేదు. సంతకం పెట్టి పోయినాడు. ఊగడం మాత్రం పోలేదు.

పోకపోతే వాడు ఇంకో మాట చెప్పినాడు. "ముందర చక్రాలు రెండూ వెనక్కి వేసి చూద్దాము మామా. ఊగేది స్టీరింగు వదిలి సీటు కిందికి వస్తే చక్రమే అని తెలిసిపోతుంది" అన్నాడు. దానికి రెండు వందలు ఖర్చు. ఇప్పుడే ఐదు వేలు పోసినాము, ఇంకా రెండు వందలా అని వద్దన్నాము. ఆ సంగతి తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గుగా ఉంది. ఎందుకంటే చక్రాల రోగం కనిపెట్టడానికి అంతకంటే చవకైన పరీక్ష లేదు. ముందరి చక్రాల తేడా స్టీరింగులో చేతికి తెలుస్తుంది. వెనక చక్రాల తేడా సీటులో, నడుములో, కాళ్ళ కింద తట్టులో తెలుస్తుంది. ముందరివి వెనక్కి వేస్తే రోగం కూడా వాటితో పోతుంది. పోకుండా స్టీరింగులోనే ఉంటే అప్పుడు కడ్డీలు, బేరింగులు, బ్రేకు డిస్కులు చూడాల.

మా రైల్వే పని గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేము. క్యారేజి వ్యాగన్ డిపోలో రిజిస్టర్లు రాసి రిటైరైనవాళ్ళం మన సంఘంలో ఒకరిద్దరు కాదు. స్టేషనులోకి బండి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం చివర లైనుకు రెండు పక్కలా మనుషులు కూర్చొని ఉండడం మీరు చూసి ఉంటారు. వాళ్ళు ఊరికే కూర్చోరు. దానిని రోలింగ్ ఇన్ పరీక్ష అంటారు. ప్రతి చక్రాన్నీ కంటితో చూస్తారు, చెవితో వింటారు. బ్రేకు పట్టుకొని చక్రం తిరగకుండా పట్టాల మీద జారితే ఒక చోట చప్పిడిగా అరుగుతుంది. అట్లాంటి చక్రం వచ్చిందంటే టక్ టక్ అని లెక్కగా వినబడుతుంది. ప్యాసింజరు పెట్టె చక్రానికి ఆ చప్పిడి 50 మిల్లీమీటర్లు దాటితే ఆ పెట్టెను పక్కన పెట్టాల. మా దగ్గరికి వచ్చే కాగితంలో పెట్టె నంబరు, ఎన్నో చక్రం, ఏ పక్క, ఏమి చప్పుడు, అన్నీ ఉండాల. "పెట్టె బాగలేదు" అని ఎవరైనా రాసి పంపితే మా పై గుమాస్తా ఆ కాగితాన్ని తిప్పి పంపేవాడు. ముప్పై ఏళ్ళు అట్లాంటి కాగితాలు చూసి, మన సొంత బండికి వచ్చేసరికి "వైబ్రేషన్" అని ఒక్క మాట రాసి ముగించినాము. ఏ చక్రం? ఏ వేగం? చేతికా, సీటుకా? బ్రేకు తొక్కితేనా, తొక్కకపోయినానా? ఒక్కటీ రాయలేదు.

మూడో సారి వైశాఖంలో. కొండకు పోను ఏడుగురు ఎక్కినారు. అందులో ఒకామె మోకాళ్ళ ఆపరేషన్ అయి మూడు నెలలే అయింది. కాట్పాడి దాటి చిత్తూరు దావలో పోతా ఉంటే ఊగేది, దడదడ అనేది రెండూ ఎక్కువైనాయి. అబ్బాయి బండిని పక్కన ఆపినాడు. వెనక సీట్లో ఉన్న కమిటీవాళ్ళం "మళ్ళీ మొదలుపెట్టినావా" అన్నాము. వాడు జవాబు చెప్పలేదు, మెల్లగా ముప్పైలో నడిపి చిత్తూరు ఇవతల ఒక పంచర్ షాపు ముందర ఆపినాడు.

అక్కడ ఉండిన పెద్దాయన మిషను లేదు, కంప్యూటరు లేదు. జాకీ వేసి ముందరి ఎడమ చక్రం పైకి లేపినాడు. ఒక స్క్రూడ్రైవరు కొనను టయరుకు తగిలీ తగలనట్టు పట్టుకొని, దానిని రాయి మీద ఆనించి, ఇంకో చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పినాడు. సగం చుట్టు వరకు సందు ఒకే లెక్కగా ఉండింది. తర్వాత సందు మూసుకుపోయి టయరు స్క్రూడ్రైవరును తోసేసింది. మళ్ళీ సందు వచ్చింది. ఇంకో చుట్టులో మళ్ళీ అదే చోట తోసింది. ఆయన మమ్మల్ని కిందికి వంగి లోపలి అంచు చూడమన్నాడు. నిమ్మకాయ సగం కోసి అతికించినట్టు ఉబ్బు. టయరు లోపల ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి, వాటికీ పైన రబ్బరుకూ మధ్య పట్టు విడిపోయి అట్ల ఉబ్బింది. "ఏడు మందిని వేసుకొని ఈ ఎండలో దీంతో కొండ ఎక్కుతారా సామీ?" అని అడిగినాడు. మాలో ఎవరికీ నోరు రాలేదు.

అట్లాంటి టయరు ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. ఎండలో, బరువుతో, వేగంలో పగిలే అవకాశం ఎక్కువ. ముందరి టయరు పగిలితే బండి ఆ పక్కకు గుంజుకుపోతుంది. ఆ రోజు వైశాఖం ఎండ, ఏడుగురి బరువు, ముందర హైవే. అన్నీ కూడి ఉండినాయి.

స్టెప్నీ వేసుకొని మెల్లగా వెనక్కి వచ్చేసినాము. కొండ ప్రయాణం పోయింది. ఆపరేషన్ అయిన ఆమె మాత్రం "స్వామి మనల్ని ఇక్కడే చూసినాడు" అన్నది. అబ్బాయి ఆపకపోతే స్వామి ఏమి చేసేవాడో అని మాలో ఒకరు మెల్లగా అన్నారు. అదీ నిజమే.

ఇంటికి వచ్చి పాత బిల్లులు తీసి చూసినాము. గుమాస్తా బుద్ధి కదా, కాగితాలు పారేయము. ఉగాది తర్వాత చేసిన బ్యాలెన్సింగు కాగితంలో మిగతా మూడు చక్రాలకూ పదీ, పదిహేనూ, ఇరవై గ్రాములు. ఆ ఒక్క చక్రానికి 85 గ్రాములు! రోగం కాగితం మీద అచ్చు వేసి ఉండింది. మేము మొత్తం చూసినాము, దుడ్లు కట్టినాము, ఫైలులో పెట్టినాము.

బ్యాలెన్సింగు మిషనుకు బరువు తెలుస్తుంది. అది చక్రాన్ని గాలిలో తిప్పి ఎక్కడ బరువు ఎక్కువో చెబుతుంది. ఎదురుగా ముక్కలు అతికిస్తే సున్నా సున్నా చూపిస్తుంది. టయరు గుండ్రంగా ఉందా, కోడిగుడ్డు మాదిరి ఉందా అనేది మామూలు మిషను చెప్పదు. గుడ్డుకు కూడా బరువులు అతికించి సున్నా తెప్పించవచ్చు. నేల మీద దొర్లిస్తే మాత్రం అది గుడ్డు మాదిరే దొర్లుతుంది. ఊగేది అందుకే. మెల్లగా పోయేటప్పుడు చేతికి బాగా తెలిసేదీ అందుకే. రిమ్ము వంగినా ఇదే మాదిరి ఊగుతుంది. అప్పుడు స్క్రూడ్రైవరును టయరు దగ్గర కాకుండా రిమ్ము అంచు దగ్గర పట్టి తిప్పితే తేలిపోతుంది.

కాబట్టి అబ్బాయి చెప్పిన రెండు మాటలూ సరైనవే. "అదురుతా ఉంది" అన్నప్పుడు బరువు తేడా. "ఊగుతా ఉంది" అన్నప్పుడు ఆకారం తేడా. వాడికి తెలిసిన మన భాషలో ఆ రెండిటికీ వేరే వేరే మాటలు ఉన్నాయి, వాడు వాటిని సరిగ్గా వాడినాడు. అరవంలో అయినా అదిరుదు అంటే ఒకటి, ఆడుదు అంటే ఒకటి. చదువుకున్నవాళ్ళం మేము ఆ రెండు మాటలనూ ఒకే ఇంగ్లీషు మాటలో పోసి కలిపేసినాము. అంగడివాళ్ళకు చేరింది ఆ కలిపిన మాటే. వాళ్ళను మేము తప్పు పట్టడం లేదు. "వైబ్రేషన్, ఎలైన్‌మెంట్ చేయండి" అని మనమే చీటీ రాసి పంపితే వాళ్ళు ఎలైన్‌మెంట్ చేస్తారు, బిల్లు ఇస్తారు. వైద్యుడి దగ్గరికి పోయి మనమే మాత్ర పేరు చెప్పినట్టు ఉండింది మా పని. స్టీరింగు ఎండ్లు మాత్రం మార్చేముందు చక్రం పైకి లేపి, రెండు పక్కలా పట్టి కుడికీ ఎడమకీ ఆడించి, ఇదిగో లొడలొడ అంటోంది అని చూపించమని అడిగి ఉండాల్సింది. పైనా కిందా పట్టి ఆడిస్తే బేరింగూ, బాల్ జాయింటూ తెలుస్తాయి. చూపించకుండా మార్చేదానికి మేము ఒప్పుకున్నాము, అది మా తప్పు.

సొంత బండ్లు ఉన్నవాళ్ళు ఇంకో నాలుగు సంగతులు గుర్తు పెట్టుకోండి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం స్టీరింగు వణికితే టయర్లను వదిలేసి ముందరి డిస్కులు చూపించండి. కొండ దిగేటప్పుడు గేరులో దిగకుండా దావ పొడుగునా బ్రేకు మీద కాలు పెట్టుకొని దిగినవాళ్ళకు ఇది నిండా వస్తుంది. వానలో పల్లె దావన పోయి వచ్చిన మర్నాడు హైవేలో అదురు వస్తే అంగడికి పరిగెత్తకండి, రిమ్ముల లోపల బురద ఎండి పట్టుకొని ఉందేమో చూసి నీళ్ళు కొట్టండి. నెల రోజులు కదలకుండా నిలబెట్టిన బండి మొదట దడదడ అంటుంది, టయర్లు నిలబడిన చోట చప్పిడి పడి ఉంటాయి, పదీ ఇరవై కిలోమీటర్లు పోయి వేడెక్కితే చాలా మటుకు సరిపోతుంది. లాక్‌డౌన్ అప్పుడు మనలో ఎంతమంది ఇది చూసి భయపడినారో గుర్తుందా? ఇక నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. చక్రం విప్పి బిగించిన రోజే కొత్తగా కుదుపు మొదలైతే అక్కడే ఆపి నట్లు చూడండి. ఇంటికి పోయి చూద్దాము అనుకోకండి. బిగించేటప్పుడు కూడా ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించమనండి, నూరు కిలోమీటర్లు పోయినాక ఇంకోసారి చూడమనండి.

ఇప్పుడు అసలు వాదనకు వస్తాము. "లోతు ఉంది కదా" అనేవాళ్ళకు మా జవాబు. టయరు గాట్ల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, అరుగుదల అంతవరకు వస్తే 1.6 మిల్లీమీటర్లు మిగిలినట్టు, అప్పుడు మార్చక తప్పదు. నిజమే. ఉబ్బిన ఆ ఎడమ టయరుకు కూడా నాలుగు మిల్లీమీటర్లు ఉండినాయి! లోతు అనేది ఎంత తిరిగిందో చెబుతుంది, ఎంత కాలం అయిందో చెప్పదు. దానికి టయరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. మన టయరు మీద 3516 అని ఉండింది. అంటే 2016లో 35వ వారం, ఆగస్టు ఆఖరు. వైశాఖంలో మేము కొండకు బయలుదేరిన నాటికి దానికి ఎనిమిదిన్నరేళ్ళు దాటినాయి. మన బండి నెలకు పది రోజులు తిరుగుతుంది, మిగతా రోజులు ఎండలో నిలబడి ఉంటుంది. రబ్బరు అరగకుండానే ముసలిదైపోతుంది. బండి కొన్నప్పుడు నల్లగా మెరుస్తూ ఉంటే కొత్త టయర్లు అనుకున్నాము. పాలిష్ వేసి అమ్మినారు.

దీనికి తోడు గాలి. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద ఒక చీటీ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని వేరే వేరే లెక్కలు. ఏడుగురినీ మూటలనూ వేసుకొని, ఇద్దరికి పట్టిన గాలితోనే మనం ఎన్ని సార్లు కొండకు పోలేదు? గాలి తక్కువై బరువు ఎక్కువైతే టయరు పక్కలు మడతపడి వేడెక్కుతాయి, లోపలి పట్టు విడిపోయేది అట్లనే. ఇది డ్రైవరు రఫ్‌గా నడిపినందుకు వచ్చిందని ఎవరు నిరూపిస్తారు? గుంతలో పడితే కూడా ఉబ్బు రావచ్చు, కాదనము. కానీ సాక్ష్యం లేకుండా జీతం పట్టినాము. రైల్వేలో అయితే ముందు సంజాయిషీ అడగకుండా ఒక్క రూపాయి పట్టేదానికి లేదు. ఆ రూలు పుస్తకం చేతిలో పెట్టుకొని ముప్పై ఏళ్ళు బతికినవాళ్ళం, మనకంటే చిన్నవాడు, మనకంటే లేనివాడు ఎదురుగా నిలబడితే రూలు మరిచిపోయినాము.

దుడ్లు లేవు అనేది కూడా పూర్తిగా నిజం కాదు. పొంగలు సంబరానికి సంఘం పేరు బండి వెనక అద్దం మీద రాయించినాము, లోపల సీట్లకు కొత్త గుడ్డ వేయించినాము. రెండిటికీ కలిపి అయిన ఖర్చులో రెండు టయర్లు వచ్చి ఉండేవి. అప్పుడు చేతులెత్తినవాళ్ళలో మేమూ ఉన్నాము కాబట్టి ఒకరిని వేలెత్తి చూపడం లేదు.

మా ప్రతిపాదనలు రాతలో పెడుతున్నాము. వెనక రెండు టయర్లూ, స్టెప్నీ ఈ నెలలోనే మార్చాల. ఇక మీద మన బండికి ఆరేళ్ళు దాటిన టయరు ఉండకూడదు, లోతు ఎంత ఉన్నా సరే. ఆరు అనేది మా లెక్క, చర్చించి అయిదు అన్నా ఒప్పుకుంటాము, ఏడు అంటే మాత్రం ఒప్పుకోము. రిజిస్టరులో "వైబ్రేషన్" అనే మాట కొట్టేసి, అబ్బాయి నోట ఏ మాట వస్తే ఆ మాటే తెలుగులో రాయాల: అదిరిందా, ఊగిందా, లాగిందా, దడదడ అందా. పక్కన వేగం, చేతికా సీటుకా, బ్రేకు మీదా కాదా. వాడు చెబితే రాసేదానికి మాలో ఒకరం ప్రతి ఆదివారం వస్తాము. ఆర్నెల్లలో వాడికే రాయడం నేర్పిస్తాము, ఆ పని కూడా మాది. పదిహేను వందలు వాపసు ఇవ్వాల. ఇచ్చేటప్పుడు కవరులో పెట్టి ఎవరికీ తెలియకుండా చేతిలో పెట్టకూడదు. పట్టినప్పుడు అందరి ముందరా పట్టినాము, ఇచ్చేదీ అందరి ముందరే ఇవ్వాల. సంఘం ఒప్పుకోకపోతే ఆ రోజు సంతకం పెట్టిన అయిదుగురం తలా మూడు వందలు వేసుకొని ఇస్తాము.

మీటింగుకు వచ్చేవాళ్ళు పది నిమిషాలు ముందు వస్తే బండి వాకిట్లోనే ఉంటుంది, కంటితో చూసుకోవచ్చు. వెనక కుడి టయరు మీద అంకెలు బయటికే ఉన్నాయి, 3516. వెనక ఎడమ దానికి అంకెలు లోపలి వైపు తిరిగి ఉన్నాయి, టార్చి పట్టుకొని పడుకొని చూడాల. స్టెప్నీని ఇంతవరకు ఎవరూ దించి చూడలేదు.